ఉత్తరం చదివేంత తెలుగైనా నేర్పుదాం

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. నా వయసు 65. మీ పేపరు మాకు ఆంధ్రాలోని పాతపట్నం వైపు నుంచి పొద్దున్నే వస్తుంది. ముప్పై ఏళ్ళుగా చదువుతున్నాను కానీ పేపరుకి ఉత్తరం రాయడం ఇదే మొదలు. రాస్తున్నది మా ఇంటి సంగతే. అయినా మహేంద్రతనయ నదికి ఇటు పక్క ఉన్న తెలుగిళ్ళు చాలావాటిలో ఇలాంటిది జరిగే ఉంటుందని నా నమ్మకం. ఇందులో ఇద్దరు పిల్లలున్నారు. ఇద్దరినీ అడిగి, సరే అన్నాకే రాయడానికి కూర్చున్నాను. పేర్లు మాత్రం రాయను.

మా మనవడికి పంతొమ్మిదేళ్ళు. ఆర్మీలో అగ్నివీర్‌గా సెలెక్ట్ అయ్యాడు. మా వైపు పిల్లలకి రిక్రూటింగ్ ఆఫీసు గోపాల్పూర్‌లో ఉంది. ముందు కంప్యూటర్ పరీక్ష, తర్వాత పరుగు, పులప్స్, మెడికల్. ఆ పరీక్ష ఇప్పుడు 13 భాషల్లో రాయొచ్చు. తెలుగు ఉంది, ఒడియా ఉంది. మావాడు ఒడియా ఎంచుకున్నాడు. అప్పుడు నాకు అందులో వింతేమీ అనిపించలేదు. చదివింది ఒడియా మీడియం, రాసేది ఒడియానే కదా అనుకున్నాను.

ఇప్పుడు వాడు ట్రైనింగులో ఉన్నాడు. ఏ సెంటరో చెప్పను. మా ఇంటాయన ఆర్మీలో పనిచేశారు. మనవాళ్ళు ఎక్కడున్నారో నలుగురిలో చెప్పకూడదని పెళ్ళైన కొత్తలోనే నాకు నేర్పారు. వాడున్న చోట ట్రైనింగు 31 వారాలు. చేరిన రోజే ఫోన్లు తీసుకుని, ఒక్కోదానికీ పేరు చీటీ అంటించి లోపల పెట్టేశారట. ఆదివారం ఒక గంట చేతికిస్తారు. దీని మీద నాకు ఫిర్యాదేమీ లేదు. పొద్దున్న నాలుగున్నరకి లేచి పరిగెత్తాల్సిన పిల్లాడి చేతిలో రాత్రి పన్నెండింటిదాకా ఫోనుంటే వాడు ఏం నిలబడతాడు? పద్ధతి మంచిదే. కాకపోతే ఆ గంటలో వాళ్ళమ్మతో మాట్లాడాలి, నాన్నతో మాట్లాడాలి, నాతో మాట్లాడాలి, సిగ్నల్ దొరకాలి, పక్కన యాభై మంది అరుస్తుంటే వినబడాలి. అన్నీ అయ్యాక మిగిలిన పది నిమిషాలు ఇంకొకరివి.

ఆ ఇంకొకరు పాతపట్నం పిల్ల. డిగ్రీ చదువుతోంది. కంప్యూటర్ కోచింగ్‌కని రోజూ మా ఊరు వచ్చేది. మహేంద్రతనయ దాటితే వాళ్ళ ఊరే. మావాడు సైకిలు నడిపించుకుంటూ వంతెన దాకా వెళ్ళి దిగబెట్టి వచ్చేవాడట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. బయల్దేరే ముందు రోజు ఆ పిల్ల వాడికి కొమ్ము దువ్వెన ఒకటి ఇచ్చింది. కొమ్ముపనికి మా ఊరు పేరున్నది; నల్లగా నిగనిగలాడే దువ్వెన, పిడి మీద చిన్న చేప చెక్కి ఉంటుంది. సెంటరులో దిగిన రెండో రోజే మావాడి జుట్టు మొదలంటా కత్తిరించేశారు. దువ్వడానికి నెత్తిన ఏమీ లేదు. ఆ దువ్వెన ట్రంకు పెట్టెలో చేతి రుమాలులో చుట్టి పెట్టుకున్నాడు. రాత్రి లైట్లు ఆర్పేశాక తీసి ఆ చేప మీద బొటనవేలు పెట్టుకుని పడుకుంటానని నాకే చెప్పాడు, మొన్నొక ఆదివారం. "మామ్మా, అమ్మకి చెప్పకు" అన్నాడు. ఇప్పుడు అందరికీ తెలుసు కాబట్టి రాస్తున్నాను.

అసలు సంగతికి వస్తాను. ట్రైనింగు మొదలైన నెలలోపే ఆ పిల్ల వాడికి ఉత్తరం రాసింది. రూళ్ళ కాగితాలు నాలుగు, రెండు వైపులా. పాతపట్నంలో తెలుగు మీడియంలో చదువుకున్న పిల్ల. అక్షరం ముత్యంలా ఉంటుంది. తెలుగులోనే రాసింది. ఇంకెలా రాస్తుంది? రెండేళ్ళుగా వాళ్ళు మాట్లాడుకున్నదంతా తెలుగే. ఫోన్లో మెసేజీలు మాత్రం ఈ కాలం పిల్లలందరిలాగే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకునేవారు. అందుకే వాళ్ళిద్దరికీ కలిసొచ్చే లిపి ఒక్కటీ లేదన్న సంగతి ఫోను చేతిలో ఉన్నన్నాళ్ళూ బయటపడలేదు. మావాడికి తెలుగు చదవడం రాదని ఆ పిల్లకి తెలీదు. తెలుగువాడికి తెలుగు చదవడం రాదని ఎవరైనా అనుకుంటారా?

సాయంత్రం రోల్ కాల్ అయ్యాక పేర్లు పిలిచి ఉత్తరాలు ఇచ్చారు. అంతమంది పిల్లల్లో ఉత్తరాలు వచ్చింది ముగ్గురికే. మావాడు కవరు పట్టుకుని బట్టలుతికే చోటికి వెళ్ళాడు. పైన అడ్రసు ఇంగ్లీషులో ఉంది. లోపల తీస్తే అంతా తెలుగు. వాడు చూసి గుర్తుపట్టగలిగిన తెలుగు మాట ఒక్కటే. చిన్నప్పటి నుంచి బస్సు బోర్డు మీద చూసి బొమ్మలా గుర్తుపెట్టుకున్న మాట, "పాతపట్నం". నాలుగు కాగితాలూ వెతికితే అది రెండు చోట్ల కనబడిందట. ఆ రెండు చోట్లా వేలు పెట్టి చూసుకున్నాడట. ఆ ముందూ వెనకా ఏముందో తెలీదు.

ఒడియాలో "ఠ" అక్షరం ఉత్త గుండ్రం, మన సున్నాలాగే ఉంటుంది. మావాడికి ఉత్తరం నిండా ఠలే కనబడ్డాయి. "మామ్మా, ప్రతి లైన్లో ఠ ఠ ఠ అని ఉంది, ఏమీ అర్థం కాలేదు" అని ఫోన్లో చెబుతుంటే నా గొంతుకి ఏదో అడ్డం పడింది. వాడికి అ ఆలు నేర్పాల్సింది నేను. పదేళ్ళు నా పక్కన పడుకున్న పిల్లాడు. కథలు చెప్పాను, పద్యాలు చెప్పాను, తరవాణి అన్నం కలిపి ముద్దలు పెట్టాను. పలక మాత్రం ఇవ్వలేదు. బడిలో ఎలాగూ రెండు భాషలు మోస్తున్నాడు, మూడోది ఎందుకులే అనుకున్నాను. మా అబ్బాయి విషయంలోనూ ఇంతే చేశాను. ఇది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

ఆఖరికి మావాడు పక్క మంచం కుర్రాణ్ణి చదివి పెట్టమన్నాడు. విజయనగరం పిల్లాడు, మంచివాడే. మెల్లగానే చదివాడు. అయినా గోడవతల కుళాయి దగ్గర ఇద్దరున్నారు, విన్నారు. మర్నాడు పరుగులో వెనక నుంచి ఎవరో అందులో ఒక వాక్యం పాటలా అందుకున్నారు. ఆ వాక్యం ఏమిటో నేను అడగలేదు, వాడు చెప్పలేదు. ఒక ఆడపిల్ల ఒక్కడి కోసం రాసుకున్న మాట అందరి బూట్ల చప్పుడులో కలిసిపోయింది. మావాడు ఆ ఆదివారం ఫోన్ చేసి ఆ పిల్లకి ఒక్కటే మాట చెప్పాడు: "ఇంక ఉత్తరాలు రాయకు." ఎందుకో చెప్పలేదు. చదవడం రాదని చెప్పుకోవడానికి సిగ్గు. నలుగురూ నవ్వారని చెప్పడానికి ఇంకా సిగ్గు.

ఆ బుధవారం ఆ పిల్ల మా ఇంటి అరుగు మీదికి వచ్చి కూర్చుంది. అంతకుముందు నేనెన్నడూ చూడలేదు. మంచినీళ్ళు ఇస్తే గ్లాసు అలా పట్టుకునే ఉంది. "మామ్మగారూ, ఆర్మీకి వెళ్ళినవాళ్ళు మారిపోతారా?" అని అడిగింది. లోపలికి తీసుకెళ్ళి నా ట్రంకు పెట్టె తీసి చూపించాను.

1978లో నాకు పద్దెనిమిదేళ్ళు. ఆయన నాకు మేనబావ. సంబంధం అనుకున్నారు, ముహూర్తం పెట్టలేదు. అప్పటికి గజపతి జిల్లా లేదు, మాది గంజాం జిల్లా. ఆయన ఫిరంగి దళంలో చేరి గోల్కొండ దగ్గరి ఆర్టిలరీ సెంటరుకి ట్రైనింగుకి వెళ్ళారు. బొగ్గు ఇంజను చిన్న బండిలో నౌపడ దాకా, అక్కణ్ణించి వాల్తేరు, అక్కణ్ణించి హైదరాబాదు. స్టేషనుకి నన్ను పంపలేదు. మేడ మీద నుంచి బండి పొగ చూశాను.

ఆయన ఉత్తరాలు 41 ఉన్నాయి నా దగ్గర. అన్నీ ఇన్‌లాండ్ కవర్లే. నీలం రంగు వెలిసిపోయి బూడిద రంగుకి వచ్చాయి. ఆయన పోయి ఆరేళ్ళయింది, ఉత్తరాలు మాత్రం నిన్న రాసినట్టే మాట్లాడతాయి. మొదటి ఉత్తరంలో బూట్ల గురించే సగం. మడమల మీద బొబ్బలు, అవి చితికితే మేజోడు అంటుకుపోవడం, రాత్రి నీళ్ళతో తడిపి మెల్లగా లాగడం. "ఎదురుగా కోట. గేటు బయట అంతా తెలుగే వినబడుతుంది. గేటు లోపల ఉస్తాదు హిందీలో తిడతాడు. ఏం తిట్టాడో అర్థమయ్యేలోపు ఇంకోటి తిడతాడు" అని రాశారు. ఉస్తాదంటే ట్రైనింగు ఇచ్చేవాడు. రగడా అంటే ఏమిటో కూడా నాకు ఆ ఉత్తరాలతోనే తెలిసింది. ఒకడు తప్పు చేస్తే అందరినీ మట్టిలో దొర్లించడం. ఇంకో ఉత్తరంలో లంగర్‌లో (అక్కడి భోజనశాల) పెట్టే పప్పు గురించి రాసి, "అత్త చేసే పనసపొట్టు కూర వాసన నిద్రలో వచ్చింది, లేచి కూర్చున్నాను" అన్నారు. అత్తంటే మా అమ్మే. నా గురించి నేరుగా ఒక్క మాట ఉండేది కాదు. ఎలా ఉంటుంది? ఆ ఉత్తరాలు ముందు మా నాన్న చదివేవారు, తర్వాత మా అన్నయ్య, ఆ తర్వాతే నా చేతికి వచ్చేవి. నేను రాసినవీ అంతే. "మహారాజశ్రీ బావగారికి నమస్కరించి వ్రాయునది, ఇక్కడ అందరమూ క్షేమము" అని మొదలుపెట్టి, ఆవు ఈనిందని, వానలు పడ్డాయని, నీలమణి దుర్గమ్మ గుడికి వెళ్ళొచ్చామని రాసేదాన్ని.

ఇన్‌లాండ్ కవరుకి జిగురు రాసి ఉండే అంచులుంటాయి కదా. మా నాన్న చూసి ఇచ్చాక దాన్ని అంటించే పని నాదే. ఆ అంచు లోపలి వైపు, మడత పడ్డాక కనబడని చోట, సన్నటి అక్షరాలతో ఒక్క వాక్యం రాసి అంటించేసేదాన్ని. ఆయన చింపకుండా తడిగుడ్డ వేసి ఆ అంచు విప్పాలి. మొదటిసారి ఆయనకి తెలీక చింపేశారు, సగం మాటలే దొరికాయి. తర్వాత జాగ్రత్త పడ్డారు. ఆయన కూడా అలాగే రాసేవారు. ఒకసారి ఆ అంచు మీద, "నీ ఉత్తరం అందిన రోజు ఎంత దొర్లించినా ఒళ్ళు నొప్పి తెలీదు" అని ఉంది. ఆ వాక్యం ఆ పిల్లకి చూపించాను. నా కోడలికి కూడా ఇంతవరకు చూపించలేదు.

మా పక్కింటాయన ఈ సంగతి విని, "దేశం కోసం వెళ్ళినవాడికి ఈ బెంగలేమిటమ్మా, మనసు గట్టి చేసుకోవాలి గానీ" అన్నారు. పెద్దమనిషి, మంచి ఉద్దేశంతోనే అన్నారు. నేను ఒప్పుకోను. పాతికేళ్ళు ఆర్మీ మనిషితో కాపురం చేశాను. ఎవరి కోసమైనా బెంగపడేవాడే రాత్రి కాపలాలో కళ్ళు తెరుచుకుని ఉంటాడని మా ఇంటాయన అనేవారు. పంతొమ్మిదేళ్ళ పిల్లాడు కన్నవాళ్ళని, ఊరిని, చేయి పట్టుకున్న పిల్లని వదిలి వెళ్ళి, ఎవరూ ఇంట్లోలా పిలవని చోట నంబరుతో బతుకుతుంటే వాడికి బెంగ రాకపోతేనే నాకు భయం వేస్తుంది. పైగా ఇప్పటి పిల్లల ఎదురుచూపు మా కాలం కంటే కష్టం. అగ్నివీర్ నాలుగేళ్ళు పూర్తయ్యేదాకా పెళ్ళి చేసుకోకూడదు. ఆ తర్వాత కూడా నూటికి 25 మంది దాకానే ఉంచుకుంటారు. మిగతావాళ్ళు దాదాపు 11 లక్షల 71 వేల సేవా నిధి తీసుకుని ఇంటికి రావాలి. ఆ డబ్బు లెక్క మా వీధిలో అందరికీ నోటికొచ్చు. మొదటి ఏడాది నెలకి 30 వేలు, అందులో 9 వేలు నిధికి పోను 21 వేలు చేతికి, అని మా అబ్బాయి కొట్లో కూర్చున్నవాళ్ళు వేళ్ళ మీద చెబుతారు. నాలుగేళ్ళలో ఎన్ని ఆదివారాలుంటాయో లెక్కేసుకున్నది ఆ పిల్ల ఒక్కర్తే. 208 అని నాకు చెప్పింది.

ఆ రోజు మేమిద్దరం ఏం చేశామంటే, తెల్ల కాగితాలు తీసి గీతలు గీశాం. నాకు ఒడియా చదవడం వచ్చు. మా అబ్బాయి ఒకటో తరగతిలో ఉండగా వాడి పుస్తకాలు చూసి వాడితోపాటే నేర్చుకున్నాను. ఎడమ వైపు ఒడియా అక్షరం, కుడి వైపు తెలుగు అక్షరం. అచ్చులకి ఒక కాగితం, హల్లులకి ఒకటి, గుణింతాలకి ఒకటి, ఒత్తులకి ఒకటి. వరస రెండింటికీ ఒకటే కావడం మా అదృష్టం. క ఖ గ ఘ వాడికి ఎలాగూ వచ్చు. ఒడియాలో క ని "కొ" అంటారు, అంతే తేడా. నేర్చుకోవాల్సింది అక్షరం ఆకారమే. వాళ్ళ అక్షరానికి నెత్తిన గొడుగు, మనదానికి తలకట్టు. ఇబ్బందల్లా ఎ ఏ, ఒ ఓ దగ్గర. ఒడియాలో ఒక్కో జతకీ ఒకే అక్షరం, పొట్టీ పొడుగూ లేదు. దానికి పక్కన ఆ పిల్ల బొమ్మలు వేసింది: ఎలుకకి ఎ, ఏనుక్కి ఏ. సున్నా దగ్గర నేను ఎర్ర పెన్నుతో రాశాను, "నాన్నా, ఇది ఠ కాదు". ఐదో కాగితం ఆ పిల్ల ఒక్కతే కూర్చుని రాసింది. నేను చూడలేదు.

మధ్యలో ఆ పిల్ల, "ఇంగ్లీషు అక్షరాల్లో రాసేస్తే పోదా మామ్మగారూ?" అంది. ఒకటి అలా రాసి పంపింది కూడా. మావాడు చదవగలిగాడు. కానీ అందులో కలం ఏదో కాలం ఏదో తెలీదు, పడి ఏదో పది ఏదో తెలీదు. "తిన్నావా, పడుకున్నావా" అన్నంతవరకు అది సరిపోతుంది. నాలుగు కాగితాల ఉత్తరానికి సరిపోదు. అది మెసేజీలా ఉంది, ఆమె మాట్లాడినట్టు లేదని వాడే అన్నాడు.

పోకుండా ఉంటుందని ఆ కాగితాలు రిజిస్టర్ పోస్టులో పంపుదామని వెళ్ళాను. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారని అక్కడ చెప్పారు. సరే, స్పీడ్ పోస్టే చేశాను. ఇన్‌లాండ్ కవర్లు పది ఇమ్మంటే లేవన్నారు. ఇంకో చోటికి వెళ్తే అక్కడా లేవు, "ఎవరు కొంటున్నారమ్మా ఇప్పుడు" అన్నారు. మూడో చోట ఆరు దొరికాయి. కవరు రెండున్నర రూపాయలే, తిరగడానికి ఆటోకి నూట ఇరవై అయింది.

అక్కడ ఆ కాగితాలు అందాక జరిగింది నాకు అన్నిటికంటే సంతోషం కలిగించింది. రాత్రి లైట్లు ఆర్పేలోపు దొరికే పావుగంటలో మావాడు మంచం మీద కూర్చుని దిద్దుకునేవాడట. విజయనగరం పిల్లాడు చూసి, తనే పక్కన కూర్చుని ఒత్తులు సరిచేశాడట. మొదట్లో నవ్వినవాళ్ళలో ఒకడు తెలంగాణ కుర్రాడు, వాడూ వచ్చి రోజుకో మాట చెప్పి రాయమనేవాడట. ఆదివారం ఫోన్లో నాకు పాఠం అప్పజెప్పేవాడు. ముందు అచ్చులు, తర్వాత హల్లులు, మూడో ఆదివారం కా గుణింతం. గంటలో నా వంతు వచ్చే ఐదు నిమిషాలూ దానికే సరిపోయేవి. వెనక విజిల్ వినబడితే కూ దగ్గరో కే దగ్గరో ఆపేసేవాడు.

ఏడో వారంలో ఆ పిల్లకి ఉత్తరం వచ్చింది. బడిపిల్లల దస్తూరీలా పెద్ద పెద్ద అక్షరాలు, లైను దాటి పైకీ కిందికీ పోతూ. ళ రాయాల్సిన చోట మరిచిపోయి ఒడియా ళ పెట్టాడు. "ఏలా ఉన్నావు" అని దీర్ఘం ఎక్కువ పెట్టాడు. మొత్తం ఆరు వాక్యాలు. మా ఇంటికి తెచ్చి నా ముందు కూర్చుని చదివింది. మూడోది, నాలుగోది ఇక్కడ రాయొచ్చన్నారు ఇద్దరూ: "నీ ఉత్తరం నేనే చదివాను. ఎవరికీ ఇవ్వలేదు." మొదట వచ్చిన ఆ నాలుగు కాగితాల ఉత్తరమన్నమాట, కూడబలుక్కుని చదవడానికి వాడికి మూడు రాత్రులు పట్టిందట. ఐదు వాక్యాలు పైకి చదివి, ఆరోది దగ్గర ఆగి, కాగితం మడిచి పుస్తకంలో పెట్టేసుకుంది. ఆరోది ఏమిటని నేను అడగలేదు.

ఎడిటర్ గారూ, నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం ఇదే. మా ఊరు ఎలాంటి ఊరో మీకు తెలుసు. గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో ఇక్కడి రాజావారి బడిలో మాస్టరుగా చేరారు. జనం మాట్లాడుకునే తెలుగులోనే పుస్తకాలు రాయాలని పోరాడారు. కొండ మీది సవరల భాష నేర్చుకుని వాళ్ళ పిల్లల కోసం పుస్తకాలు చేశారు. 1936 ఏప్రిల్ 1న మా ఊరు ఒడిశాలో కలిశాక రాజమండ్రి వెళ్ళిపోయారు. ఏటా ఆగస్టు 29న ఆయన పేరు మీద సభలు పెడతారు, దండలు వేస్తారు. అదే ఊళ్ళో మా వీధి పిల్లల్లో తెలుగు చదవగలిగినవాడు ఇవాళ ఒక్కడూ లేడు. ఇంట్లో మాత్రం అందరూ తెలుగే మాట్లాడతారు. ఒడియా మీద నాకు ఏ కోపమూ లేదు. మా పిల్లలకి అన్నం పెట్టిన భాష అది, నేనూ ఇష్టపడే నేర్చుకున్నాను. బళ్ళ సంగతి, మాస్టర్ల సంగతి పెద్దలు మాట్లాడుతున్నారు, మాట్లాడనివ్వండి. అది తేలేదాకా ఇంట్లో ఉన్న అమ్మలూ అమ్మమ్మలూ మామ్మలూ ఆగక్కర్లేదు. కాశీనగర్, గుణుపురం, రాయగడ, జయపురం, ఛత్రపురం, బరంపురం తెలుగువాళ్ళందరినీ ఇదే అడుగుతున్నాను. పిల్లాడు ఇల్లు దాటే లోపు ఒక ఉత్తరం చదివేంత తెలుగు నేర్పండి. ఆర్మీకే వెళ్ళక్కర్లేదు, సూరత్ మిల్లుకి వెళ్ళినా అంతే. ఒడియా వచ్చిన పిల్లలకి ఎక్కువ రోజులేమీ పట్టదు. మావాడు బూట్లు పాలిష్ చేసుకుంటూ ఏడు వారాల్లో నేర్చుకున్నాడు.

ట్రైనింగులో పిల్లలున్న ఇళ్ళవాళ్ళకి ఇంకో మాట. ఆదివారం ఫోను వస్తుంది కదా అని ఊరుకోకండి. ఫోన్లో పిల్లాడు బాగున్నానంటాడు, మీరూ బాగున్నామంటారు, టైము అయిపోతుంది. కాగితం మీద రాయండి. ఆవు ఈనిందని రాయండి, కరెంటు పోయిందని రాయండి, ఏదైనా రాయండి. మీ పిల్లాడి కోసం ఎదురుచూసే పిల్ల ఉందని తెలిస్తే ఆమెని రాయనివ్వండి. మా నాన్నలా ముందు మీరు చదవకండి.

మీ పేపర్లో మాకు కొంచెం చోటు కావాలి. ఆదివారం పేజీలో ఓ మూల, వారానికి నాలుగేసి తెలుగు అక్షరాలు, పక్కన ఒడియా అక్షరాలు, కింద ఒక చిన్న మాట వేయండి. కత్తిరించి ఉత్తరంలో పెట్టి పంపుకుంటాం. మీకు పనికొస్తాయంటే మా నాలుగు కాగితాలూ ఇస్తాను. బొమ్మలు ఆ పిల్లే వేస్తుంది. అంతవరకు ఊళ్ళో ఎవరికైనా కావాలంటే, మా అబ్బాయి కొట్టు పక్కన జిరాక్స్ షాపులో ఒక సెట్టు పెట్టాను, అడిగి తీసుకోవచ్చు. నాలుగు కాగితాలూ తీయించుకోండి, ఎ ఏ బొమ్మలున్నదీ అందులోనే ఉంది.

వచ్చే నెల వాడి కసమ్ పరేడ్, అంటే ట్రైనింగు అయ్యాక ప్రమాణం చేసే పరేడ్. ఇంటినుంచి రావచ్చన్నారు. మా అబ్బాయి, కోడలు, నేను, ఆ పిల్ల, ఆ పిల్ల వాళ్ళమ్మ, ఐదుగురికి టికెట్లు తీశాం.

ఇట్లు,
ఒక మామ్మ,
పర్లాకిమిడి, గజపతి జిల్లా